డింప్నా టోపీకి ముందు పిలుపు

ఐర్లండ్‌లోని మేయో పల్లెల్లో డింప్నా హెనెగన్ చేతి టీ తాగనివాళ్లు లేరు. అడగ్గానే ఇమ్మన్నవాళ్లూ లేరు. వచ్చినవాళ్లు రెండుసార్లు వద్దనాలి, ఆవిడ మూడోసారి బతిమాలాలి, అప్పుడే కప్పు చేతికొస్తుంది. మొదటిసారికే సరేనన్నవాణ్ణి అక్కడ తిండిపోతు కింద జమకడతారు. బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన డింప్నాకు ఈ మర్యాదంటే ప్రాణం.

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కూతురు సోర్హా పెళ్లి కుదిరాక, ఆవిడ చలికాలమంతా కూర్చుని అక్కడి ఆనవాయితీ ప్రకారం పెళ్లిలో పెట్టుకోవడానికి నెమలికంఠం రంగు టోపీ కుట్టుకుంది. వెడల్పాటి అంచు, పైన ఈకలు. వియ్యపురాలి టోపీ లండన్‌లో కొన్నదని తెలిశాక, దీనికి చిన్న ముడత పడ్డా ఊరుకునేది లేదనుకుంది. విమానంలో వెనకబడితే పై అరలు నిండిపోతాయనీ, టోపీ పెట్టెను కింద సామాన్లలో పడేస్తారనీ ఎవరో చెవిన వేశారు. దాంతో ముందుగా ఎక్కడానికి అదనంగా డబ్బు కట్టింది. భర్త కోల్మన్ మాత్రం, ముందెక్కినా వెనకెక్కినా దిగేది ఒక్క ఊళ్లోనే కదా అని పైసా కట్టలేదు.

అన్నట్టే ఆవిణ్ణి ముందు పిలిచారు. పిలిచి, విమానం దాకా తీసుకెళ్లే బస్సెక్కించారు. పెట్టెను గుండెకు హత్తుకుని డింప్నా బస్సులో ఓ మూలకు చేరింది. అందరికన్నా చివర ఎక్కిన కోల్మన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. విమానం దగ్గర తలుపు తెరవగానే మొదట దిగిందీ అతనే. డబ్బు కట్టి ఆవిడ కొనుక్కున్నది బస్సులో ఎక్కువసేపు నిలబడే భాగ్యం. దానికితోడు, మెట్ల దగ్గర ప్రతి ఒక్కరినీ మీరు పదండంటే మీరు పదండని ముందుకు పంపింది. లోపలికి చేరేసరికి అరలన్నీ నిండిపోయాయి. కోల్మన్ అప్పటికే శాండ్‌విచ్ విప్పుకుని కూర్చున్నాడు.

విమానంలో పనిచేసే లిస్బన్ అమ్మాయి పెట్టెను చూసి, "మా అలమరాలో పెట్టనా అమ్మా?" అంది.

డింప్నా ప్రాణం లేచొచ్చింది. నోరు మాత్రం తన అలవాటు మానలేదు. "వద్దులే తల్లీ, నీకెందుకు శ్రమ."

రెండోసారి అడుగుతుందని ఎదురుచూసింది. ఆ పిల్ల ఊళ్లో వద్దంటే వద్దనే. తలూపి, పెట్టెకు చీటీ కట్టి, సామాన్లు దించే మనిషి చేతికిచ్చేసింది. డింప్నా చూపు ఆ పెట్టె వెంటే పోయింది. అయినా తనంతట తాను నోరు తెరిచి అడగడమా? దానికన్నా పెళ్లికి ఉత్త తలతో వెళ్లడం నయం.

కోల్మన్ నోట్లో ముద్దతోనే లేచాడు. "అమ్మాయ్, ఆ పెట్టె మీ అలమరాలోనే పెట్టు. ఆవిడకు కావాలి."

టోపీ బతికింది. డింప్నా ముఖం మాత్రం సిగ్గుతో కందిపోయింది.

"ఒక్కసారి అడగ్గానే ఒప్పేసుకున్నావా? మీ అమ్మ వింటే ఏమయ్యేది?" అని పళ్లబిగువున అంది.

"వద్దనే దర్జా డబ్బు కట్టినవాళ్లది. నేను కట్టలేదుగా" అన్నాడతను.

విమానం పైకి లేచాక ఆ అమ్మాయే టీ బండి తోసుకొచ్చింది. డింప్నా గొంతు పొద్దుటినుంచీ ఎండిపోయి ఉంది. టీ ఇవ్వనా అని ఆ పిల్ల అడిగీ అడగకముందే వద్దులే తల్లీ అనేసింది. బండి కదిలింది.

డింప్నా చెయ్యి చాచి బండిని గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, ఇంకోసారి అడుగు."