సత్యనారాయణ వ్రతంలో ఆమెన్

మా చిన్నప్పుడు... క్వేకర్స్ హిల్‌లో మా సందు చివరే పబ్లిక్ స్కూలు, అంటే ఈ దేశంలో సర్కారు బడే. నేనూ, పక్కింటి సాహితీ పొద్దున్నే చేతులు పట్టుకుని నడిచి వెళ్ళేవాళ్ళం. దారిలో ఒకరింటి కంచె మీంచి మల్బరీ కొమ్మ బయటికి వంగి ఉండేది. అది కాసిన రోజుల్లో ఆ పళ్ళ మరకలతో మా చొక్కాల పని ఆఖరే...

సాహితి వాళ్ళూ మాలాగే తెనాలి వైపు వాళ్ళు. సాహితి వాళ్ళమ్మ పద్మ ఆంటీ. మా బడిలో వారానికి అరగంట స్క్రిప్చర్ క్లాసు ఉండేది. ఏ మతం పిల్లలకి ఆ మతం వాళ్ళు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళేవారు. మాకు పద్మ ఆంటీ వచ్చేది, చీర కట్టుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని... శ్లోకం తప్పు చదివితే కోప్పడేది కాదు. నవ్వి మళ్ళీ చదివించేది.

ఇంత హాయిగా ఉంటే మనవాళ్ళకి నిద్ర పడుతుందా?

పారమట్టాలో నాన్న ఆఫీసులో పనిచేసే ఒకాయన భార్య ఉండేది. పేరెందుకులెండి, బ్లేజర్ ఆంటీ అందాం. ఒక ఆదివారం మా ఇంట్లో పెసరట్టు తింటూ అమ్మకి జ్ఞానబోధ చేసింది.

"పబ్లిక్ స్కూలా? అయ్యో, పిల్లని చేతులారా స్పాయిల్ చేసుకుంటున్నారండీ. మా వాళ్ళని చూడండి, చర్చి స్కూలు. డిసిప్లిన్, వాల్యూస్, దైవభక్తి... ఎవ్రీథింగ్ వాళ్ళే చూసుకుంటారు."

దైవభక్తి! ఏ దేవుడి మీద అని అడగాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా...

అంతే, బస్సు మారి వెళ్ళే ఒక చర్చి స్కూల్లో పడ్డాను. టై, బ్లేజరు, గుండ్రటి టోపీ. ఎండలో నేను ఆ బ్లేజరు లోపల ఉడికిపోతుంటే అమ్మ ఫోటోలు తీసి తెనాలిలో చుట్టాలందరికీ పంపేది. పోనీ చదువేమైనా పైనుంచి ఊడిపడిందా అంటే, అవే తీసివేతలు, అవే గుణకారాలు. రాష్ట్రమంతా ఒకటే సిలబస్సు మరి. టోపీ ఒక్కటే అదనం.

ఒక్క మాట చెప్పాలి. అక్కడి టీచర్లు మంచివాళ్ళు. లంచ్‌కి ముందు కళ్ళు మూయించి ప్రార్థన చేయించేవారు. వాళ్ళ బడి, వాళ్ళ దేవుడు, చేయిస్తే తప్పేముంది? యేసుని నమ్మినవాళ్ళు పిల్లల్ని అక్కడికి పంపుకుంటే దానికో అర్థముంది. నా ఏవగింపంతా మనవాళ్ళ మీదే.

సాయంత్రం సాహితి కంచె అవతల నుంచి పిలిచేది. "హోంవర్క్ చేసుకుంటోందమ్మా" అని అమ్మే చెప్పి పంపేసేది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పబ్లిక్ పిల్లలతో ఏం ఆటలే నీకు?" అనేది. మొన్నటిదాకా నేనూ పబ్లిక్ పిల్లనే కదా... నాకు ఏడుపొచ్చేది.

ఆ ఏడాది మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. హాలు నిండా జనం. కథ అయ్యింది, హారతి అయ్యింది. ఇక పిల్లల ప్రదర్శన... మనవాళ్ళకి అది లేకపోతే వ్రతఫలం దక్కదు కదా! సాహితి లేచి వినాయకుడి శ్లోకం గడగడా చదివేసింది. అందరూ మెచ్చుకున్నారు. అమ్మకి అది మింగుడుపడలేదు.

"మా దాన్ని కూడా అడగండి. ఏదమ్మా, స్కూల్లో నేర్పిన ప్రేయర్ చెప్పు."

చెప్పమంది కదా అని చెప్పాను. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, మేం తినబోయే తిండికి యేసు ప్రభువుకి కృతజ్ఞతలు చెప్పి, "ఆమెన్" అన్నాను. అలవాటు కొద్దీ గదిలో ఉన్న చర్చి స్కూలు పిల్లలందరూ నాతో పాటు "ఆమెన్" అన్నారు. అందులో బ్లేజర్ ఆంటీ పిల్లల గొంతులే పెద్దవి!

పెద్దవాళ్ళు ప్రసాదం చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు. అమ్మ ముఖం కందగడ్డ అయ్యింది. ఆ ఉక్రోషం ఎవరి మీద చూపించాలి? పద్మ ఆంటీ మీద చూపించింది.

"ఏదైతేనేం, మా పిల్లకి మ్యానర్స్ వచ్చాయి. పబ్లిక్ స్కూల్లో అవెక్కడొస్తాయి? శ్లోకాలదేముంది, ఇంట్లో మనం చెప్పుకోలేమా?"

"చెప్పుకోవచ్చు వదినగారూ. చెప్పుకున్నారా మరి?" అంది పద్మ ఆంటీ. సాహితి చెయ్యి పట్టుకుని భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మ స్కూలుకి ఫోన్ చేసింది, మా అమ్మాయిని ఆ ప్రార్థనల్లో కూర్చోబెట్టకుండా ఉండటం కుదరదా అని! అవతలావిడ ఎంతో మర్యాదగా, "ఇది చర్చి స్కూలండీ" అందట. పెళ్ళి భోజనం కావాలి గానీ పెళ్ళి మాత్రం వద్దంటే ఎలా?

ఆ తర్వాత సాహితి నన్ను పిలవలేదు. నేను కంచె దగ్గర నిలబడి పిలిస్తే పలకలేదు. క్రిస్మస్ సెలవుల్లో వాళ్ళు బ్రిస్బేన్ వెళ్ళిపోయారు. అక్కడ సన్నీబ్యాంక్ అనే పేట దగ్గర ఎక్కడో ఉంటున్నారని ఎవరో చెప్పారు. వెళ్ళేటప్పుడు మా ఇంటికి రాలేదు.

వచ్చే ఏడు మా పాప బడికి వెళ్తుంది. పబ్లిక్ స్కూల్లోనే చేరుస్తున్నాను. మొన్న అమ్మతో కలిసి వెళ్ళిన ఒక బర్త్‌డే పార్టీలో ఆ మాటంటే, నలుగురు తల్లులు నన్ను జాలిగా చూశారు. అవే మాటలు... డిసిప్లిన్, వాల్యూస్. కడుపులో బిడ్డ ఉండగానే చర్చి స్కూల్లో పేరు రాయించాలని ఆరాటపడే మహానుభావులు ఇప్పుడు ఎక్కువయ్యారు. చర్చి గుమ్మం మాత్రం ఒక్కరూ తొక్కరు.

తిరిగొస్తుంటే కార్లో అమ్మ అడిగింది.

"అక్కడ అందరూ చిన్నప్పటి ఫ్రెండ్స్ అట. నీకు ఒక్కళ్ళూ లేరేమే?"

"సాహితి ఉండేది కదమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది.

"ఏ సాహితి?" అంది.

ఇప్పుడు పొద్దున్నే మా వీధిలో నడిచి వెళ్ళే పిల్లలే కనబడరు... పక్కపక్క ఇళ్ళ వాళ్ళు కూడా తలో కారులో తలో దిక్కుకి పోతారు. ఒకరి పేరు ఇంకొకరికి తెలియదు. మీ పక్కింటి స్నేహం ఏ బడి గేటు దగ్గర తెగిపోయిందో, పేరు గుర్తుంటే ఇక్కడ రాయండి. కనీసం పేరైనా మిగులుతుంది...