హనోయి బస్సులో శనివారం

హైదరాబాద్‌లోని నాచారం నుంచి వియత్నాంలోని హనోయి చూడ్డానికి వెళ్లిన మా ఇద్దరికీ, ఆ తిరుగుళ్లలో వారాలు గుర్తులేకుండా పోయాయి. ఆ పొద్దున సరస్సు చూసి, బండి మీద ఆవిరి బన్నులు కొనుక్కొని బస్సెక్కాం. సగం తిన్నాక నా భార్య ఫోన్ చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఇయ్యాల శనివారం! లోపల మాంసం ఉన్నదేమో, జర సూడు."

నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకుంది. అప్పటి నుంచి శనివారం నీసు ముట్టదు. బన్ను లోపల ఏదో నల్లటి తురుము ఉంది. అదేమిటో నాకూ తెలియలేదు.

"నీకేమన్నయితదేమో" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఎదురు సీట్లో కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ కూర్చుంది. నా భార్య చేతిలోని సగం బన్ను చూపించి, లోపల కోడి మాంసమా అన్నట్టు కోడిలా చేతులాడించాను. ఆవిడ బన్ను అందుకొని కొంచెం కొరికి, తల అడ్డంగా ఊపింది. బుట్టలోంచి ఒక నల్ల పుట్టగొడుగు తీసి నా భార్య అరచేతిలో పెట్టింది.

ఇంట్లో నా గ్లాసులో నీళ్లు కూడా తాగని మనిషి, ఆ ఎంగిలి బన్ను అక్కడే మొత్తం తినేసింది.

ఇప్పుడు నాచారం మార్కెట్లో పుట్టగొడుగులు కొన్నప్పుడల్లా ఒకటి తీసి కళ్లకద్దుకుంటుంది.

"గదేందక్కా, దేవుడా?" అని నవ్వింది ఒకసారి కూరగాయలామె.

"గట్లనే అనుకో" అంది.