దవడ పోయిన అడవిపంది

2016 జూన్ 20, సోమవారం నాడు మహేంద్రగిరి కొండల కింద, మందస వైపున్న ఒక పల్లె పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. రిటైరవడానికి మూడేళ్లు మిగిలాయి. అదే నా చివరి పోస్టింగు. అక్కడ ఆవులు, మేకలతో పాటు అడవిపందుల పని కూడా మాకే తగిలేది. జీడితోటల్లోంచి వచ్చి వరిచేల మీద పడే పందిని కాల్చడానికి అటవీశాఖ అనుమతి ఇస్తుంది గానీ, దానికి షరతులున్నాయి. లైసెన్సు తుపాకీ ఉన్నవాడే కాల్చాలి. ఆ అడవి ముక్కను కాసే కింది ఉద్యోగి, అంటే బీట్ ఆఫీసరు, దగ్గరుండాలి. దెబ్బతిన్న జంతువును వదిలేయకుండా వెతికి పట్టుకోవాలి. పశువైద్యుడు శవపరీక్ష చేశాక పాతిపెట్టాలి. మాంసం ఎవరూ ముట్టకూడదు.

ఆ ఏడాది నవంబరు 17, గురువారం తెల్లవారాక బీట్ ఆఫీసరు సింహాచలం ఫోను చేశాడు. గవరమ్మ అనే రైతు చేలో పందిని కాల్చారనీ, అది పడకుండా జీడితోటలోకి పోయిందనీ, నన్ను కూడా రమ్మనీ చెప్పాడు. ఆమెది రెండెకరాల వరి. పంట పండింది. మర్నాడే కోత, పదకొండుమంది కూలీలను మాట్లాడుకుంది. కాల్చినవాడు అప్పన్న, సైన్యంలో హవల్దారుగా చేసి ఊరికి తిరిగొచ్చినవాడు.

తుపాకీ దెబ్బ తిన్న పందిని వెంటనే తరమకూడదు. ఊరుకుంటే కొంతదూరం పోయి పడుకుంటుంది. తరిమితే లేచి ఎదురు తిరుగుతుంది. అందుకని ఆగి, ఆ తర్వాతే నెత్తురు జాడ పట్టుకున్నాం. నురుగుతో ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, పసరు కలిస్తే పేగులకు, నల్లగా చిక్కగా ఉంటే కాలేయానికి. మాకు కనిపించింది నల్ల నెత్తురు. దూరం పోదన్నాడు అప్పన్న.

అయితే నెత్తురు పక్కనే మరొకటి కూడా కనిపిస్తోంది. ఎండుటాకుల మీద తీగలా సాగే చొంగ, కుళ్లు వాసన. అంతకుముందు చేలో చూసినప్పుడు కూడా నాకు ఒక విషయం పొసగలేదు. పంది దిగిన చోట వరి నేలకు ఒరిగింది గానీ, ఒక్క కంకీ నమిలి లేదు. గట్టు మీద ముట్టెతో తవ్విన గుర్తూ లేదు.

"దీనికి రోగమేటైనా ఉన్నాదేటండీ మేడమ్?" అని అడిగాడు సింహాచలం.

"నీకేటైనా ఉన్నాదా? సెట్టుకొకసారి ఆగిపోతన్నావు," అన్నాడు అప్పన్న ముందు నుంచి.

పంది ఒక జీడిచెట్టు కింద పడి ఉంది. అప్పన్న వెనకవైపు నుంచి వెళ్లి, పొడుగాటి కర్రతో దాని కంటిని తాకాడు. రెప్ప కదలకపోతేనే చచ్చినట్టు లెక్క. కదలలేదు. కాలు పట్టి ఇటు తిప్పాడు.

కింది దవడ లేదు. ఉండవలసిన చోట నల్లబడిన మాంసం, ఎముక ముక్కలు, పురుగులు. నాలుక సగం తెగి వేలాడుతోంది. వెన్నుపూసలు చర్మంలోంచి లెక్కపెట్టగలిగేంత చిక్కిపోయింది. గ్లవ్స్ తొడుక్కుని గాయం అంచులు చూశాను. అది ఆ పొద్దుటి గాయం కాదు, వారం పైబడినది. నాటుబాంబు. పురికొసతో బిగించి చుట్టి, మేత ముద్దలో దాచి పెడతారు, కొరికితే నోట్లోనే పేలుతుంది. పంది మాత్రం అప్పటికప్పుడు చావదు, తినలేక మాడి చస్తుంది.

అప్పన్న తుపాకీ చెట్టుకు ఆనించి కింద కూర్చున్నాడు. "సచ్చిపోతన్న దాన్ని కాల్సినానమ్మా," అన్నాడు.

ఇంతలో గవరమ్మ, ఆమె భర్త లచ్చన్న, ఊరివాళ్లు ఓ పదిమంది వచ్చారు. ఎండు కొబ్బరిమట్టలు మోసుకొచ్చారు. ఆ ప్రాంతంలో పందిని కోసే పద్ధతి అది: ముందు శవం మీద మట్టలు కప్పి మంటపెట్టి బొచ్చు కాలుస్తారు, కత్తితో గీకుతారు, ఆ తర్వాతే పొట్ట చీలుస్తారు. తినకూడదని సింహాచలం అడ్డుపడ్డాడు.

"మా సేను అది తినీవచ్చు, దాన్ని మేవు తినకూడదా? ఇదెక్కడి నాయం బావూ?" అంది గవరమ్మ. ఆమె చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"రూలమ్మా."

"ఆ రూలేదో పందికి సెప్పవలసింది."

అందరూ నవ్వారు. శవపరీక్ష కాకుండా ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదని చెప్పి నేను పని మొదలుపెట్టాను. అప్పటికే తల వైపు రెండు మట్టలు కప్పేశారు. వాటిని తీయమని చెప్పాను.

పందిని వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింద చిన్న గాటు పెట్టి, అందులో రెండు వేళ్లు దూర్చి, వేళ్ల మధ్య కత్తి పైకి తిప్పి కోసుకుంటూ రావాలి. అప్పుడు పేగులు తెగవు. పొట్ట తెరిచాను. గుండు కాలేయాన్ని చీల్చుకుని పోయింది. పేగులు ఖాళీగా, తాడులా ఉన్నాయి. తిండిగొట్టాన్ని దారంతో ముడివేసి కోసి, జీర్ణాశయాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. వారం తిండిలేని జంతువుది ఖాళీ సంచీలా ఉండాలి. ఇది ఒక పక్కకు బరువుగా వాలింది. లోపల నిమ్మకాయంత గట్టి ఉండ. పైనుంచి తడిమితే చుట్టిన పురికొస వరసలు వేలికి తెలుస్తున్నాయి.

కోసి చూడటం నా పని. కత్తి అంచు దాని మీద ఆనించాను కూడా. అప్పుడు తట్టింది. దవడ లేని పంది కొరకలేదు. మెత్తగా దొరికిన ముద్దను నమలకుండా మింగేస్తుంది. కొరకనిది పేలదు.

కత్తి తీసేశాను. "గవరమ్మా, అగ్గిపెట్టె కింద పెట్టు," అన్నాను.

"ఏటమ్మా, మీరూ రూలేనా?"

"దీని కడుపులో బాంబుంది."

సింహాచలం నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. అప్పన్న లేచాడు. గొంతు పెంచకుండా అందర్నీ గట్టు అవతలికి పొమ్మన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నేల మీద పెట్టొద్దమ్మా. మళ్లీ పొట్టలోనే, పేగుల మీద, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టీయండి," అన్నాడు. అలాగే పెట్టి వెనక్కి నడిచాను.

సింహాచలం పోలీసులకు ఫోను చేశాడు. బాంబు స్క్వాడు శ్రీకాకుళం నుంచి రావాలి. ఈలోగా అతను ఊరివాళ్లను అడగడం మొదలుపెట్టాడు. "ఎవరు పెట్టినారు? సెప్పండి, ఎవరు?" ఊరివాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. నాటుబాంబు పెట్టడం జైలుకు పంపే నేరమని అందరికీ తెలుసు.

నేను గవరమ్మ చేను వైపు చూశాను. మర్నాడు కూలీలు కొడవళ్లతో దిగేది అందులోనే. "ఎవరో నాకు అక్కర్లేదు. ఎన్ని పెట్టారు?" అని అడిగాను.

గవరమ్మ, "నాలుగు," అంది.

"ఒసే, నోర్ముయ్యే!" అని లచ్చన్న అరిచాడు.

"నాను మూసుకుంతాను. రేపు పదకొండుమంది దిగుతారు, ఆళ్ల కాళ్లు పోతే నువ్విస్తావేటి?" అని నా వైపు తిరిగింది. "నాలుగమ్మా. ఒకటి పేలినాది, సప్పుడు ఇన్నాం. రెండు మా ఆయన తెచ్చీసినాడు. ఒకటి కనపడనేదు. కుక్క ఎత్తుకుపోనాదనుకున్నాం." పొట్ట తెరిచి పడి ఉన్న పంది వైపు చూసి, "నానిప్పుడు దానికేనా మంటెట్టబోనాను?" అంది.

అవునన్నాను. ఆమె అక్కడే కూలబడింది.

మధ్యాహ్నం స్క్వాడు వచ్చి, ఇసుక బస్తాలు పేర్చి, ఉన్నచోటనే పేల్చేసింది. జీడాకులు చాలాసేపు రాలుతూనే ఉన్నాయి. పాతిపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చేనంతా వెతికారు, ఇంకేమీ దొరకలేదు. గవరమ్మ చెప్పిన లెక్క సరిపోయింది. కోత ఒకరోజు ఆలస్యంగా జరిగింది. లచ్చన్న మీద కేసు పెట్టారు. ఆ రెండు బాంబులూ అతని గడ్డివాములో దొరికాయి. నేనక్కడ ఉన్న మిగతా రోజుల్లో గవరమ్మ తన ఆవును మా ఆసుపత్రికి తీసుకురాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మరో ఆరు అడవిపందులకు శవపరీక్ష చేశాను. ప్రతిసారీ ముందు నోరు తెరిచి చూశాను, ఆ తర్వాతే పొట్ట మీద కత్తి పెట్టాను. నా తర్వాత వచ్చిన డాక్టరుకు బాధ్యతలు అప్పగిస్తూ ఇదే చెప్పాను. దాంతోపాటు రెండో మాట కూడా చెప్పాను. ప్రమాదం ఇంకా నేలలో ఉండగా, ఎవరు పెట్టారని అడగవద్దు. ఎన్ని పెట్టారని అడగాలి.