పర్లేదు అంకుల్

చలికాలం ఉదయాల్లో నేనుండే గంగాలిన్ నుంచి ఆఫీసుకు ట్రామ్‌లో వెళ్తుంటే, పక్కవాళ్ల కోటు నుంచి తడిసిన ఉన్ని వాసన వస్తే చాలు, బూటులో ఎడమ కాలివేళ్లు కదిపి చూసుకుంటాను. మంచుకొండ మీద నా బూటు విప్పినప్పుడు వచ్చిన వాసన అది. విప్పినవారు సుదర్శనరావు అంకుల్.

మా వీధి చివరింటాయన. కాకినాడ నుంచి ఈ పరాయి దేశానికి వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది, రోడ్ల ఇంజనీరుగా రిటైరయ్యారు. వరంగల్ నుంచి వచ్చిన నాకు ఈ దేశంలో మంచు పడే కొండలున్నాయని చూపించింది ఆయనే. కొండెక్కించే లిఫ్టులుండే రిసార్టులు ఆయనకు గిట్టవు. మంచుమీద జారడానికి తొడుక్కునే స్కీల అడుగున, ఎక్కేటప్పుడు జారకుండా పట్టుకునే పట్టీలు అతికించుకుని గంటలకొద్దీ కొండెక్కాలి, పైన వాటిని పీకేసి జారుతూ దిగాలి. అరవై దాటిన మనిషి హాయిగా ముందు పోతుంటే నేనూ, నా స్నేహితుడు ప్రసాదూ వెనక రొప్పుతూ వెళ్లేవాళ్లం.

ఒక శనివారం ఓ శిఖరానికి వెళ్తూ వాగు దాటుతుంటే నా ఎడమ బూటులోకి నీళ్లు పోయాయి. చెప్పలేదు. ప్రసాద్ ఆ శిఖరం కోసం అప్పటికే రెండుసార్లు వచ్చి, వాతావరణం బాగోక వెనుదిరిగాడు. నా ఒక్క కాలి కోసం అందరినీ వెనక్కి తిప్పడమా? మొహమాటం మనవాళ్లకు ఉగ్గుపాలతోనే వస్తుంది కదా. అంకుల్ ఆగి, కాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. పర్లేదన్నాను. అరగంటకు మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. అప్పటికి వేళ్లు నొప్పిపెట్టడం మానేశాయి. హమ్మయ్య, తగ్గిందనుకున్నాను. ఎంత తెలివో చూడండి!

ఇంతలో మబ్బు కిందికి దిగింది. ఏది నేలో ఏది ఆకాశమో తెలియలేదు. పది అడుగుల ముందున్న ప్రసాద్ జాకెట్ కూడా మసకబారింది. నాకు భయమేసింది. అంకుల్ మూడోసారి నా దగ్గరికి వచ్చారు.

"నాకు భయంగా ఉందిరా," అన్నారు. "నీకెలా ఉంది? నిజం చెప్పు."

పెద్దాయన నోట ఆ మాట వినేసరికి నా బింకం సడలిపోయింది. "కాలు తెలుస్తలేదు అంకుల్," అన్నాను.

ఓ బండ చాటున కూర్చోబెట్టి బూటు లాగారు. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆయన జాకెట్ జిప్పు తీసి, చొక్కా ఎత్తి, నా పాదాన్ని తన పొట్టకు ఆనించుకోబోయారు. నేను చటుక్కున కాలు లాక్కున్నాను. పెద్దవాళ్లకు పొరపాటున కాలు తగిలితేనే తాకి కళ్లకద్దుకునే ఇల్లు మాది. వేళ్లు పోతే పోనీ, ఆయన ఒంటిమీద కాలు పెట్టడమా!

"పాపం సంగతి కిందికెళ్లాక చూద్దాం," అని కసిరారు. "కాలివ్వు."

ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నారు. చలికి ఆయన పళ్లు టకటకలాడుతున్నాయి. నెత్తురు మళ్లీ పారుతుంటే నాకు ప్రాణాలు పోయినంత నొప్పి, అంతకు మించి సిగ్గు. శిఖరం మూడోసారీ చేజారినా ప్రసాద్ తన పొడి మేజోళ్లు నాకు తొడిగాడు. వచ్చిన స్కీల గుర్తులు పట్టుకుని దిగాం. వేళ్లు దక్కాయి. కారు దగ్గర ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే, దణ్ణాలెందుకు, ఈసారి ముందే చెప్పి ఏడువు అన్నారు.

కిందటేడు అంకుల్ పోయారు. రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే గొంతు నీరసంగా ఉంది. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. "పర్లేదురా, కాస్త గ్యాస్," అన్నారు. సరేనని పెట్టేశాను. అది గుండె అని తర్వాత తెలిసింది. మాకు చెప్పమని నేర్పి, తను దాచుకుంటారా? ఆ కోపం ఇంకా పోలేదు. ఇప్పుడు ఎవరైనా పర్లేదంటే మళ్లీ అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ కొండమీద ఆయన నన్ను మూడుసార్లు అడిగారు. నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.