దయ్యం లేదని చెప్పబోయిన రెండు సిలిండర్లు

బరువైన వస్తువు దానంతట అది కదలదని మీరూ నమ్ముతున్నారా? అయితే ముందు నా సర్వనాశనం వినండి.

కరీంనగర్ దగ్గర ఒక ఊళ్లో వదిలేసిన గ్రానైట్ క్వారీ గుంత నిండా నీళ్లు. అడుగున దయ్యముందని, కాళ్లు పట్టి గుంజుతుందని ఊరి నమ్మకం. మైకు దొరికితే చాలు, మూఢనమ్మకాలను ఉతికి ఆరేసే రోజులు నావి. వార్డు మెంబరు నర్సవ్వ తేల్చి చెప్పింది: "లోపల ఏం లేదని చూపెట్టుండ్రి సారూ. శాంతిపూజ బంద్ పెట్టి ఆ పైసలతోని కంచె ఏపిస్తం."

పిల్లలు ఆడుకునే చోటది. కంచె పడాల్సిందే. డ్యాముల్లో మునిగి వెతికే ఇస్మాయిల్ భాయ్‌ని బతిమాలి, ఆయన గాలి సిలిండర్లు రెండూ నా పాత కారు డిక్కీలో పడుకోబెట్టాను.

"జర తాడుతోని కడదాం సార్. దొర్లుతయ్."

"గింత బరువున్నయి ఎట్ల దొర్లుతయ్ భాయ్?"

"బస్సు బరువు లేదా సార్? పోతలేదా?"

జవాబు లేనప్పుడు వాదన గెలిచే పద్ధతి ఒకటుంది. కారు స్టార్ట్ చేశాను. దారి పొడవునా లారీలకు వేలాడే నిమ్మకాయల మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఆళ్లు నిమ్మకాయనన్న కట్టిన్రు సార్. మనం గదిగూడ కట్టలే."

గుంత ముందరే స్పీడు బ్రేకరు. డిక్కీలో ధన్‌మని మోత. వెంటనే వెయ్యి కుక్కర్లు ఒక్కసారే కూసినట్టు కారు నిండా బుస! కారు ఆపి దిగానని నేనంటాను, దూకానని చూసినవాళ్లంటారు. "ఉరుకుండ్రి!" అని అరుస్తూ, మా కోసం ఎదురుచూస్తున్న జనాన్ని చీల్చుకుని పరుగెత్తాను. జనం నా వెనకే. భాయ్ ఒక్కడే తాపీగా దిగి, డిక్కీ తెరిచి, వాల్వు బిగించాడు.

"ఒకటి ఖాళీ. రెండోదానికి మెడ మీద దెబ్బ. గీటితోని నేను నీళ్లల్ల దిగను సార్."

నర్సవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "దయ్యం లేదంటిరి. గట్ల ఉరికిన్రేంది సారూ?"

ఆ వారం శాంతిపూజకు రెట్టింపు జనం.

మరుసటి వారం వేరే సిలిండర్లను నాలుగు చుట్లు తాడేసి బిగించి తెచ్చాం. భాయ్ మునిగి, ఒక బిందె, రెండు చెప్పులు పట్టుకుని తేలాడు. మాట ప్రకారం కంచె పడింది. కానీ దాని గేటుకు ఇప్పటికీ ఒక తాడు ముక్క వేలాడుతుంది. అదేంటని అడిగాను.

"తాడు లేనినాడు దయ్యం మిమ్ముల ఉరికిచ్చింది. తాడు జూసి అదే ఉరికింది," అంది నర్సవ్వ.

వాళ్లు తాడునైనా నమ్మారు, నేను అదీ నమ్మలేదు. పరీక్షించనిదే దేన్నీ, మరీ ముఖ్యంగా నన్ను నేను, నమ్మనని ఆ తాడు సాక్షిగా ప్రమాణం చేశాను.

మీరింకా కూర్చునే ఉన్నారా? లేవండి. డిక్కీ తెరవండి. దొర్లేదేదైనా ఉంటే ఇప్పుడే కట్టండి.