హేమావతి నిలబడి వాయించింది

"ఈడ విను. మళ్లా ఈడ. వింటివా? నువ్వు కుంటతాండావు మే హేమా" అన్నాడు సుమంత్.

ఇయర్‌ఫోన్ ఒకటి అతని చెవిలో ఉంది, రెండోది హేమావతి చెవిలో ఉంది. సాయంత్రం ప్యాసింజర్ అనంతపురం వదిలి ధర్మవరం వైపు పోతోంది. ముందురోజు ప్రాక్టీసులో ఫోన్లో పట్టిన పాట అది. అడుగున కీబోర్డులోని మిషన్ తాళం నడుస్తోంది. దాని మీద హేమావతి డోలక్. మిషన్ మొదటి దెబ్బ పడ్డాక, డోలక్ మొదటి దెబ్బ ఒక రవ్వ ఆలస్యంగా వచ్చి పడుతోంది. మధ్యలో పరుగెత్తి అందుకుంటుంది. మళ్లీ మొదటికి వచ్చేసరికి అదే ఆలస్యం.

"నీ కీబోర్డే తప్పు" అంది హేమావతి.

"అది జపాన్ మిషన్ మే. దానికి తప్పు రాదు."

"మిషన్ జపాన్‌దైతే ఏం, నొక్కేది హిందూపురం చెయ్యి గదా."

ఎదురు సీట్లో జాన్ పకపకా నవ్వాడు. తనూజ మాత్రం నవ్వలేదు. కుంటు ఆమెకూ వినబడిందని హేమావతికి తెలిసిపోయింది.

నలుగురివీ ఎమ్మెస్సీ చదువులే. హేమావతిది ఫిజిక్స్, ఊరు ధర్మవరం. పెనుకొండ తనూజది బాటనీ, ఆమె గొంతెత్తితే మైకు దండగ. జాన్‌ది లెక్కలు, రొద్దం పక్కన పల్లె, చర్చిలో పాడి పాడి పదునెక్కిన గొంతు. సుమంత్‌ది కెమిస్ట్రీ, హిందూపురం బజారులో వాళ్ల నాయన జయరామ్‌కు స్టీలు సామాన్ల అంగడి. యూనివర్సిటీకి రోజూ ఒకే రైల్లో పోయి వస్తూ, బోగీ తలుపు దగ్గర పాడుకుంటూ జట్టు కట్టారు. ఎవరు పిలిచినా పోయేవాళ్లు. చర్చిలో క్రిస్మస్, గుళ్లో భజన, బళ్లో వార్షికోత్సవం, ఏదైనా సరే. రానూపోనూ ఛార్జీ, ఒక పూట బువ్వ. అంతకు మించి ఎవరూ ఇచ్చిందీ లేదు, వీళ్లు అడిగిందీ లేదు.

ఈసారి పిలిచింది హిందూపురం బజారు వర్తకులు. వినాయకచవితి పందిరి. పెద్ద స్టేజీ, గుండెలదిరే సౌండు. కమిటీలో జయరామ్ కూడా ఉన్నాడు.

"ఆ సౌండులో నీ కుంటు ఊరంతా వినపడ్తాది" అన్నాడు సుమంత్. "తాళం మిషన్‌కిచ్చేద్దాం. నువ్వు చిడతలు పట్టుకో. మా నాయన ముందర నా మర్యాద గూడా సూడాల గదా."

"చిడతలు నీ చేతికే బాగుంటాయి. డోలక్ నాది. పందిరి నాటికి సాఫు చేసుకోని వస్తా. ఆడ గూడా కుంటితే అప్పుడు నొక్కుకో నీ మిషన్."

మాట విసిరేసి ధర్మవరంలో దిగిపోయింది.

ఆ డోలక్ ఆమెకు ఎవరూ చేతికిచ్చింది కాదు. అవ్వ తమ్ముడు సుంకన్న ఒకప్పుడు భజనలో వాయించేవాడు. భజన జట్టు చెదిరిపోయాక డోలక్ అటక ఎక్కింది. ఒక పక్క తోలు చినిగితే, హేమావతి వాళ్లమ్మ లక్ష్మీదేవి అందులో మగ్గానికి నూలు చుట్టే ఖాళీ కండెలు పోసి పెట్టుకుంది. చిన్నప్పుడు హేమావతి ఆ కండెలన్నీ నేల మీద కుమ్మరించి, చినగని వైపు వాయించడం మొదలుపెట్టింది. వీపు మీద రెండు పడ్డాయి. అయినా మానలేదు. ఆఖరికి నాయన తిప్పేస్వామే చినిగిన వైపు కొత్త తోలు వేయించాడు. "దెబ్బలు తిన్నా ఇడ్సలేదంటే దానికేదో రాసిపెట్టి ఉండాదిలే" అన్నాడు. యూనివర్సిటీలో హేమావతి క్లాసులో ఒకతె, అంతే. పేరు పిలిచినా సగంమంది తల తిప్పరు. డోలక్ ముందు కూర్చుంటే మాత్రం అందరి కాళ్లూ ఆమె చేతి మాట వింటాయి. అది పోగొట్టుకొని చిడతలు కొడుతూ నిలబడ్డం ఆమె వల్ల కాదు.

మరునాడు ల్యాబులో కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా కాచుకొని పాటను తెర మీద గీతలుగా విప్పి చూసింది. కీబోర్డును దొంగను చేసి సుమంత్ ముందు నిలబెట్టాలని ఆమె ఎత్తు. తెర మీద మిషన్ గీతలు కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి. డోలక్ గీత మాత్రం ప్రతి వరసలో మొదటి దగ్గర వెనక్కి జరిగి ఉంది. ఒకసారి రెండుసార్లయితే చెయ్యి జారిందనుకోవచ్చు. పాట పొడుగూతా అంతే. దొంగ ఎవరో తేలిపోయింది.

సరే, దొంగను పట్టుకున్నాక వదిలే రకం కాదు హేమావతి. ఫోన్లో టిక్కుటిక్కుమనే తాళం పెట్టుకొని, పొద్దున రైల్లో సీటు దొరక్క తలుపు దగ్గర నిలబడినంతసేపూ బోగీ రేకు మీద వేళ్లతో వాయించేది.

"ఏం పాపా, రైలేమన్నా చెడిపోయిందా, అట్ల కొడతాండావు?" అంది పూలగంపతో వచ్చే ఒకావిడ.

"రైలు బాగనే ఉండాది పెద్దమ్మా. చెడిపోయింది నేను."

జాన్ ఇంకో ఇయర్‌ఫోన్ పెట్టుకొని విన్నాడు. "మే, నువ్వు యాడ కుంటతాండావు? గడియారం మాదిరి పోతాండావు గదా!"

హేమావతికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోయి డోలక్ ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ అదే కుంటు. రేకు మీద రానిది తోలు మీద ఎందుకొస్తోంది? తాళ్లు బిగించి చూసింది, వదులు చేసి చూసింది. జాన్ వాళ్ల చర్చి డోలక్ తెప్పించి దాని మీదా వాయించింది. ఆ డోలక్ కూడా కుంటింది. ఒక్కొక్కటే మార్చి చూడడం ల్యాబులో నేర్చిన పద్ధతే. కానీ ల్యాబులో చదువుకున్నవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఎదురుగా ఉన్న సామానంతా మారుస్తారు. కొలిచే మనిషిని మాత్రం లెక్కలో వేసుకోరు. హేమావతి కూడా డోలక్‌ను మార్చింది, తాడును మార్చింది, తనను మాత్రం కదిలించలేదు.

ఆదివారం ప్రాక్టీసు పెనుకొండలో. అందరికీ మధ్య ఊరు అదే కాబట్టి తనూజ వాళ్ల మిద్దె మీద కలిసేవాళ్లు. సుమంత్, జాన్ ఇంకా రాలేదు. హేమావతి బాసింపట్టు వేసుకొని డోలక్ ఒళ్లో పెట్టుకుంది. తాళం దీపం వెలిగి ఆరడం కనబడాలని ఫోన్ కుడి మోకాలి మీద ఆనించింది. వాయించడం మొదలుపెట్టింది. ఫోన్ జారి పడింది. తీసి పెట్టింది. మళ్లీ పడింది.

"ఆ ఫోన్ కింద పెట్టుకోకూడదా మే, పగిలిపోతాది!" అంది తనూజ.

"ఉండు, ఉండు." హేమావతి మళ్లీ మోకాలి మీదే పెట్టి, ఈసారి చేతులను కాదు, ఫోన్‌ను చూస్తూ వాయించింది. సరిగ్గా మొదటి దెబ్బకు ముందు మోకాలు పైకి లేస్తోంది. లేచి, ఒక రవ్వ ఆగి, దిగుతోంది. అది దిగాకే చెయ్యి పడుతోంది.

"నీ మోకాలికేమైంది?" అంది తనూజ.

"నాకేం కాలా. అది మా నాయన మోకాలు."

తనూజకు అర్థం కాలేదు. హేమావతి చెప్పింది. వాళ్లది ఒకే గది. సగం గది మగ్గానిది. తిప్పేస్వామి గుంటలో కాళ్లు దించి కూర్చుని నేస్తాడు. ఎప్పుడో స్కూటర్ మీంచి పడి కుడి మోకాలు పట్టేసింది. చీర మీద పువ్వు లేవాలంటే కాలికింది చెక్క తొక్కాలి. తొక్కడానికి ముందు ఆయన మోకాలు మెల్లగా లేపి, నొప్పి ఓర్చుకొని, అప్పుడు దించుతాడు. చెక్క చప్పుడు, పోగు పట్టుకొని అటూ ఇటూ పోయే నాడె ఉరుకు, ఆ పోగును బిగించే పలక దెబ్బ. మళ్లీ మోకాలు. పసితనం నుంచి హేమావతి ఆ మగ్గం పక్కనే కూర్చుని, ఆ చప్పుడుకే వాయించింది. అదే తాళమనుకుంది. నాయన నొప్పి కూడా అందులో ఒక దెబ్బే అనుకుంది.

"అయితే కాలు కట్టేసుకో" అంది తనూజ.

"కట్టేసుకుంటే చెయ్యీ కట్టేసినట్టయితాది. రైల్లో ఎందుకు కుంటలా నేను? నిలబడింటి. నిలబడితే ఆ మోకాలికి లేసే పని ల్యా."

ఆ రోజే ఇంటికి పోయి నాయనతో చెప్పింది. తిప్పేస్వామి మగ్గం ఆపి కూతురి వైపు చూశాడు. తర్వాత తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"సదువిచ్చినా అనుకుంటి మే. కుంటు గూడా ఇచ్చినానా?"

"ఇచ్చినావు. వద్దులే, వెనక్కి తీసుకో."

తిప్పేస్వామి కళ్లల్లో నీళ్లొచ్చేంత నవ్వాడు. మూలనున్న పాత నవారు కత్తిరించి, డోలక్ మెడకు తగిలించుకొనేలా కుట్టమని లక్ష్మీదేవికిచ్చాడు. "బజార్లో ఆడపిల్ల మెడకు డోలు తగిలించుకోని నిలబడితే జనం ఏమనుకుంటారు?" అని ఆమె గొణిగింది. గొణుగుతూనే కుట్టు రెండు వరసలు వేసింది.

సుమంత్ కూడా అదే మాట అన్నాడు. "మా బజార్లోనా? అందరూ మాకు తెలిసినోళ్లే మే."

"తెలిసినోళ్లయితే మంచిదే గదా. తెల్లార్నాక కుంటిందో లేదో వాళ్లే నీకు చెప్తారు."

"సరే. ఒక్కసారి కుంటితివా, బటన్ నొక్కేస్తా. మళ్లా ఏడవద్దు."

"నొక్కుకో."

పందిరి నాడు బజారంతా మనుషులే. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో జయరామ్. స్టేజీ మీద తనూజ, జాన్ మైకుల ముందు నిలబడ్డారు. సుమంత్ కీబోర్డు మీద కుడి చెయ్యి ఆనించి, ఎడమ చేతి వేలు తాళం బటన్ మీద సిద్ధంగా పెట్టుకున్నాడు. హేమావతి మెడలో డోలక్. కింద ఎవరో "ఏమప్పా, డోలే పాపను మోస్తాండాదా, పాపే డోలును మోస్తాండాదా" అన్నారు. నవ్వులు లేచాయి. ఆమె అరికాళ్లు రెండూ చెక్క మీద గట్టిగా ఆనించి మొదటి దెబ్బ వేసింది.

మొదటి పాటకు తాళం కుంటకుండా నిలిచింది. రెండోదానికీ నిలిచింది. మూడో పాటకు పిల్లలు స్టేజీ ముందు ఎగరసాగారు. వాళ్లతోబాటే తాళం ఉరకబోయింది. హేమావతి ఉరకనివ్వలేదు. నవారు మెడను కోస్తోంది. భుజం మంటెక్కింది. ఒక్కోసారి కుడి మోకాలు తనంతట తాను వంగబోయేది. మడమ చెక్క మీద నొక్కిపెట్టి, చేతిని మాత్రం పోనిచ్చింది.

సుమంత్ చూపంతా ఆమె చేతి మీదే. ఎప్పుడు కుంటుతుందా అని చూస్తూ చూస్తూ చరణం తిరిగింది గమనించలేదు. తనూజ పై స్వరానికి పోయింది, కీబోర్డు కింది స్వరంలోనే ఉండిపోయింది. అపస్వరం సౌండు బాక్సుల్లోంచి బజారు ఆ చివరిదాకా పాకింది. తనూజ గొంతు తడబడింది. హేమావతి ఆగలేదు. సుమంత్ వైపు తిరిగి, తాళం ఆవర్తం మొదట ఒక్క దెబ్బ గట్టిగా, నిట్టనిలువుగా వేసింది. అది పట్టుకొని తనూజ లేచింది. రెండో ఆవర్తానికి సుమంత్ కూడా వచ్చి కలిశాడు.

ముందు వరసలోంచి జయరామ్ గొంతు వినబడింది. "రేయ్ సుమంతూ! యాడ సూస్తాండావురా? ఆ పాప దెబ్బను పట్టుకోని వాయించు!"

జనం గొల్లుమన్నారు. సుమంత్ చెవులు ఎర్రబడ్డాయి. బటన్ మీది వేలు తీసి, ఎడమ చెయ్యి కూడా స్వరాల మీటల మీద పెట్టాడు. అప్పుడుగానీ కీబోర్డు నిండుగా పలకలేదు.

పాట అయిపోయింది. "ఇంగొకటి! ఇంగొకటి!" అని పిల్లలు అరుస్తున్నారు. హేమావతి మెడ మీద నవారు రాసుకొని ఎర్రటి చార తేలింది. జాన్ అది చూసి పక్కనున్న కుర్చీ లాగి ఆమె వెనక వేశాడు. "కూసోని వాయించు మే, ఒక్క పాటే గదా. సచ్చిపోతావు."

హేమావతి కాలితో కుర్చీని వెనక్కి తోసింది. ఏ పాటో ఇంకా ఎవరూ అనుకోలేదు. ఎవరినీ అడక్కుండానే ఆమె మొదలుపెట్టేసింది.