మాస్టారికి పెట్టిన మెలిక

తాళాలు బాగుచేసే అతన్ని అందరూ తాళాలాయన అనేవారు. ఇనుప తాళాలన్నీ అతని మాట వినేవి గానీ పాట తాళం ఒక్కటీ వినేది కాదు. రాగం ఎత్తుకుంటే చెయ్యి ఒక దారి, గొంతు ఒక దారి. అయినా సంగీతమంటే పడిచచ్చేవాడు కాబట్టి, పాడటం మానేసి పొడుపుకథల్లో పడ్డాడు. శనివారం సాయంత్రం షట్టరు సగం దించి, ఆకురాళ్లు పక్కకు నెట్టి బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు చేసేవాడు. తనకు, ఆసుపత్రి నర్సుకు, బస్సు డ్రైవరుకు స్టూళ్లు. ఉన్న ఒక్క కుర్చీ రిటైరైన మాస్టారికి.

ఆట రాగాల పేర్లతో. తల ఉంటే కోయిల కూసే కాలం, తల తీసేస్తే బేరాలాడే చోటు, ఏ రాగమని నర్సు అడిగితే, ఆమె నోరు మూసేలోగా మాస్టారు వసంత అనేసి, అందులో సంత ఎక్కడుందో కూడా విడమర్చి చెప్పేవారు. పదకొండేళ్లలో ఆయన నోట తెలీదన్న మాట ఎవరూ వినలేదు. పైగా జవాబు చెప్పాక తీరిగ్గా కళ్లజోడు తుడుచుకునేవారు. అది చూస్తే తాళాలాయనకు ఒళ్లు మండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మనిషి చేతులెత్తేస్తే చూడాలని ఉండేది.

నిజమైన పొడుపుతో అయ్యే పని కాదని తేలాక, జవాబే లేనిది ఒకటి అల్లాడు. మూడక్షరాల రాగం, మొదటి అక్షరం తీసేస్తే నది, చివరి అక్షరం తీసేస్తే నగ. ఎంత ముద్దుగా కుదిరిందంటే, అల్లినవాడికే అలాంటి రాగం ఎక్కడో ఉందేమో అనిపించింది. అది విని మాస్టారు వారం గడువు అడిగారు. ఆ వారమంతా తాళాలాయన ఈల వేసుకుంటూ పనిచేశాడు. ఆ హుషారులో ఒకరి బీరువాకు ఇంకొకరి తాళంచెవి ఇచ్చి పంపాడు కూడా.

మరుసటి శనివారం మాస్టారు గడ్డం గీసుకోకుండా వచ్చారు. సంచిలోంచి రాగాల పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టి, ఇక ఇవి మీరే ఉంచుకోండన్నారు.

"నాకు తెలీదయ్యా. తెలీక కూడా కాదు, మరిచిపోతున్నాను. నాలిక చివరే ఉంది, రావట్లేదు. మా అన్నయ్యకూ ఇలాగే మొదలైంది. ముందు పాటలు మరిచాడు, తర్వాత మమ్మల్ని."

పదకొండేళ్లు ఎదురుచూసిన మాట చెవిన పడగానే తాళాలాయన ఆ పుస్తకాలను మాస్టారి వైపు నెట్టాడు. ఒప్పుకుంటే పరువు పోతుంది, ఇక అతని పొడుపును ఈ బల్ల దగ్గర ఎవరూ నమ్మరు. ఊరుకుంటే మనిషే పోయేలా ఉన్నాడు. పోతే పోనీ, వెధవ పరువు అనుకున్నాడు.

"దానికి జవాబు లేదు మాస్టారూ. మిమ్మల్ని ఏడిపిద్దామని నేనే అల్లాను."

"మళ్లీ చెప్పు."

"జవాబు లేదండి."

మాస్టారు మూడోసారి కూడా చెప్పించుకున్నారు. కుర్చీలోంచి లేచారు. డ్రైవరు, ఎందుకైనా మంచిదని, బల్ల మీది సుత్తి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మాస్టారు ఫోను తీసి ఇంట్లో భార్యకు కలిపి తాళాలాయన చెవికి ఆనించారు.

"మీ అక్కయ్యకు చెప్పు. వారం నుంచి ఏడుస్తోంది. డాక్టరు దగ్గర పేరు కూడా రాయించింది."

చెప్పాడు. అవతల ఆవిడ అందుకుంది. అతని బుద్ధితో మొదలుపెట్టి, పొడుపుల మీదుగా, కన్నవాళ్ల పెంపకం దాకా ఏకిపారేసింది. తాళాలాయన తల వంచుకుని, అవునండి, తప్పేనండి అంటూ నిలబడ్డాడు. మధ్యలో ఫోను తిరిగి ఇవ్వబోతే మాస్టారు పుచ్చుకోలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటూ, "ఇంకా ఉంది, విను" అన్నారు.